దశమి నాటి అప్‌డేట్

ముందే చెబుతున్నాను, ఆ రోజు పాడైంది సాఫ్ట్‌వేర్ కాదు. మా మిల్లులో ఎవరిని అడిగినా ఇప్పటికీ "ఆ నాడు కంప్యూటర్ ఖరాబైంది" అనే అంటారు. పచ్చి అబద్ధం. దాన్ని కెలికిన మనిషి ఇప్పటికీ అదే కుర్చీలో కూర్చుని, అదే స్టీలు గ్లాసులో చాయ్ ఊదుకుంటూ తాగుతున్నాడు. నేను మాత్రం దారిన పోయే ప్రతివాడికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక నా వల్ల కాదు. ఒక్కసారి మొత్తం చెప్పేస్తాను. ఆ తర్వాత ఎవరైనా "మేడం, ఆ నాడు మీ కంప్యూటర్..." అని మొదలుపెడితే ఊరుకునేది లేదు.

నా పేరు రమ. నల్గొండ దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక పెద్ద రైస్ మిల్లులో కంప్యూటర్ల పని చూస్తాను. మా ఓనరుకు ఇదే కాక ఇంకా మిల్లులు, గోదాములు ఉన్నాయి. అన్నింటి సరుకూ, అన్ని గేట్ల రాకపోకలూ, కాంటా మీద తూకాలూ ఒకే ఒక్క మిషన్‌లో ఉంటాయి. తెలంగాణ వచ్చిన కొత్తల్లో కొన్నది. టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటర్ కంటే చాలా పెద్దది, పెద్ద పెద్ద బ్యాంకుల్లో ఉండే వాటి కంటే చిన్నది. అందుకే దాన్ని మిడ్‌రేంజ్ అంటారు. నల్లగా, చిన్న బీరువా అంత ఉంటుంది. అద్దాల గదిలో, ఏసీలో, ఎవరితోనూ పేచీ లేకుండా పని చేసుకుపోతుంది. ఇన్నేళ్లలో అది మొండికేయడం నేను చూడలేదు. మనుషుల గురించి ఆ మాట అనలేను.

ఆ మిషన్‌కూ, బయట గేటు దగ్గర కూర్చునే స్వరూప చేతిలోని ట్యాబుకూ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని అప్లికేషన్ సర్వర్ అంటారు. హోటల్లో టేబుల్ దగ్గరికి వచ్చి, ఏం కావాలో అడిగి, వంటింట్లోంచి తెచ్చిపెట్టే మనిషి ఉంటాడే, అదే పని. రైతు ట్రాక్టరు గేటు ముందుకు రాగానే స్వరూప ట్యాబులో పేరు, ఊరు కొడుతుంది. ఈ సర్వరు లోపలి మిషన్‌ను అడిగి టోకెన్ తెచ్చి ఇస్తుంది. టోకెన్ వస్తేనే ట్రాక్టరు లోపలికి వస్తుంది, కాంటా ఎక్కుతుంది. మిషన్ దిట్టంగానే ఉంది కానీ, మధ్యలో ఉన్న ఈ సర్వరు పాతబడిపోయింది. దాన్ని తయారు చేసిన కంపెనీయే ఇక దాన్ని పట్టించుకోనని చెప్పేసింది. కొత్త ట్యాబులు దాని మాట నమ్మడం మానేశాయి. స్వరూప పేరు కొట్టి ఎదురుచూడటం, తెర మీద చక్రం తిరుగుతూ ఉండటం, వెనక ట్రాక్టర్లు హారన్లు కొట్టడం, రోజూ ఇదే గోల. ఎండాకాలపు యాసంగి కోతలు ఊపందుకోకముందే కొత్త వెర్షన్ ఎక్కించాలని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

ఎక్కించాలంటే టోకెన్లు ఆపాలి. ఉన్నదంతా ఒక నకలు తీసిపెట్టుకోవాలి, పాత సర్వరును దింపాలి, కొత్తది ఎక్కించాలి, దాని వెంట వచ్చే సవరణలన్నీ వేయాలి, చివరికి మిషన్‌ను పద్ధతిగా నిద్రపుచ్చి మళ్లీ లేపాలి. ఒక పూట పని. ఆ పూట గేటు దగ్గర ట్రాక్టర్లు ఉండకూడదు. మా దగ్గర అలాంటి రోజు ఏదని మిల్లులో చీపురు పట్టే బిక్షమ్మను అడిగినా తడుముకోకుండా చెబుతుంది. అమాస.

అమాస నాడు హమాలీలు పనిలోకి రారు. రైతులు వడ్లు కదిలించరు. లారీల వాళ్లు బండికి నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టి ఇంటి పట్టున ఉంటారు. నెలకొకసారి అడగకుండానే దొరికే సెలవు అది. నాలాంటి వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? సంతోషంగా మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పాను.

మా మేనేజరు దివాకర్ సార్ నా మాట పూర్తికాకముందే గ్లాసు కింద పెట్టాడు.

"అమాస నాడా? నీకేమన్న దిమాక్ ఖరాబైందా రమా?"

"అమాస నాడైతే గేటు మీద ఒక్క ట్రాక్టర్ ఉండదు సార్. ఎవ్వలకు తకలీఫ్ కాదు."

"తకలీఫ్ సంగతి తర్వాత. అమాస నాడు ఎవలన్న కొత్త పని మొదలువెడ్తరా? గంత పెద్ద మిషన్. ఏమన్న అయితే?"

"పరశురాములన్న అమాస నాడే కదా సార్ బెల్టులు మారుస్తడు? మీరే కదా దగ్గరుండి మార్పిస్తరు?"

పరశురాములు మా ఫిట్టరు. మిల్లులో ప్రతి నట్టూ ఆయన అమాస నాడే విప్పుతాడు, అమాస నాడే బిగిస్తాడు. వడ్లు ఎత్తిపోసే బెల్టులు, పొట్టు తీసే రోలర్లు, అన్నీ ఆ రోజే మారతాయి. ఇన్నేళ్లలో ఆ బెల్టుల్లో ఏ దయ్యమూ దూరలేదు.

"అది ఇనుము. గిది కంప్యూటర్," అన్నాడు దివాకర్ సార్.

నా తలకాయ! పోనీ, ఆయనకు నిజంగా అంత పట్టింపు ఉంటే ఏదోలే అనుకుందును. ఆయన భక్తి సంగతి నాకు తెలియదా? శనివారం ఒక్కపొద్దు అని అందరికీ చెప్పి, క్యాంటీన్ వెనక నిలబడి గుడ్డు బోండాలు లాగిస్తాడు. ఆయనకు భయం అమాసంటే కాదు. అమాస నాడు పని చేయించి ఏదైనా తేడా వస్తే, "అమాస నాడు ఎందుకు పెట్టినవ్?" అని ఓనరు అడుగుతాడు. అదే మంచి రోజు చూసి చేస్తే, కొంప మునిగినా ఎవరూ ఏమీ అనరు. తన ఒంటికి మట్టి అంటకూడదు, అంతే. మిగతావాళ్లు ఏమైపోతే ఆయనకేం?

నా ముందే తనకు తెలిసిన అయ్యగారికి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి చేతులు రుద్దుకున్నాడు.

"దశమి. గురువారం. బ్రహ్మాండంగ ఉన్నదట. పొద్దుగాల్నే మొదలువెట్టు."

"సార్, దశమి మనకొక్కలకే మంచిగుంటదా? రైతుల ఇండ్లల్ల క్యాలెండర్లు లేవా? కోతల కాలం, పైంగ దశమి. అందరు ఆ రోజే తెస్తరు వడ్లు."

"అన్నిటికి అడ్డం మాట్లాడకు. మన ఓనరు పెద్దసారుకు గూడ చెప్పేసిన."

"సరే, ఆ పూట వరకన్న చేతితోని రాసి టోకెన్లు ఇద్దాం సార్. ట్రాక్టర్లు లోపల షెడ్డు కింద నిలవెట్టుకుందాం."

"చేతి టోకెన్లు ఇస్తే ఎవలు ముందు, ఎవలు ఎనుక అని లొల్లి అయితది. ఏం అవసరం లేదు. నువ్వు జల్ది చెయ్, సాలు."

జల్దిగా చేయాలట. అదేమైనా ఉప్మానా?

దశమి రోజు పొద్దున నేను మిల్లుకు వచ్చేసరికి గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఇంకా వస్తూనే ఉన్నాయి. సీజన్ మొత్తంలో అంత పెద్ద లైను చూడలేదు. నేరుగా దివాకర్ సార్ దగ్గరికి పోయి, "సార్, బయట చూసిన్రా? ఇయ్యాల వద్దు," అన్నాను. ఆయన కొత్త చొక్కా వేసుకుని, చేతిలో అగరుబత్తుల కట్ట పట్టుకుని అద్దాల గది ముందు నిలబడి ఉన్నాడు. "మంచి గడియ ఎల్లిపోతాంది, మొదలువెట్టు," అన్నాడు. లోపల అగరుబత్తులు వెలిగిస్తే పొగకు అలారం మోగుతుందని చెప్పి, ఆ కట్ట బయటే పెట్టించడం ఒక్కటే నా చేతనైంది.

మొదలుపెట్టాను. జీతం తీసుకునేదాన్ని, ఇంకేం చేస్తాను? నకలు తీశాను, టోకెన్లు ఆపాను, పాత సర్వరును దింపాను. కొత్తది ఎక్కడం మొదలైంది. పని ఎంత చక్కగా సాగిందంటే, నాకే ముచ్చటేసింది. పచ్చ అక్షరాలు ఒక్కో వరుసా కిందికి దిగుతూ, ఏది అయింది, ఏది కావాల్సి ఉంది అని చెబుతూ పోతున్నాయి. సవరణలు వాటంతట అవి పడుతుండగా, గేటు దగ్గరి ట్యాబులు కూడా సరిచేయాలి కాబట్టి అటు వెళ్లాను. వెళ్లేముందు దివాకర్ సార్‌కు మరీ చెప్పాను. "సార్, అది నడుస్తున్నది. మధ్యాహ్నం అన్నాల లోపల అయిపోతది. ఎవ్వలను లోపటికి పోనియ్యకుండ్రి."

స్వరూప గేటు దగ్గర ట్యాబు ఒళ్లో పెట్టుకుని ఏడుపు ముఖంతో కూర్చుని ఉంది. ఆమె చుట్టూ రైతులు. "ఇంకెంత సేపు బిడ్డా?" అని అడిగేవాళ్లు కొందరు, అడగకుండా తిట్టేవాళ్లు కొందరు. నేను ట్యాబు తీసుకుని పక్కనే ఆగి ఉన్న ట్రాక్టరు నీడలో నిలబడ్డాను. వెనక డబ్బా నిండా వడ్లు. వాటి మీద టార్పాలిన్ పట్టా, పట్టా మీద ఒకామె. కింద టైరుకు ఆనుకుని ఆమె భర్త. ఆయన ఎల్లేశం, ఆమె గుర్వమ్మ. తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చారు. అక్కడి మిల్లుల్లో జాగా లేదంటే ఇంత దూరం వచ్చారట.

"కంప్యూటర్ల మేడం నువ్వేనా బిడ్డా?" అన్నాడు ఎల్లేశం. "ఎప్పటికి ఐతది?"

"పగటి అన్నం యాళ్లకు ఐతది కాకా. వడ్లు ఎండినయా?"

"ఎండినయా అంటవేంది! గీ నాలుగు గింజలు నోట్లేసుకో."

పట్టా అంచు ఎత్తి గుప్పెడు వడ్లు తీసి నా చేతిలో పోశాడు. ఒక గింజ పంటి కింద పెడితే కటుక్కుమంది. కల్లంలో ఎన్నిసార్లు కాళ్లతో తిరగేసి ఆరబెట్టారో!

"గొర్లు గిట్ల ఉన్నయా మీకు?" అని అడిగాను, ఆయన భుజం మీది గొంగడి చూసి.

పైనుంచి గుర్వమ్మ అందుకుంది. "ఉన్నయ్ బిడ్డా. సగం మడి వాటికే ఇడిసినం. బోరు ఎండిపోయి నీళ్లందలే. మేసినయ్ పాడుగాను, మంచిగ మేసినయ్. మాకు మిగిలింది గీ డబ్బానే. గిది గూడ కౌలు మడి పంటనే."

"మరి ఇయ్యాలనే ఎందుకు ఎల్లిన్రు చిన్నమ్మా? మొన్ననో, రేపో రాకపోయిన్రా?"

"ఇయ్యాల దశమి గదా!" అంది గుర్వమ్మ, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు. "నిన్న నవమి. ఎవలన్న ఇంట్ల గింజ బయటికి తీస్తరా? మంచి రోజు సూసుకొని ఎల్లినం."

లైను పొడవునా చూశాను. అందరూ అంతే. ఒక్కరు కూడా తెలియక రాలేదు. అందరూ మంచి రోజు చూసుకునే వచ్చారు. ఏ రోజు ఎక్కువమంది వస్తారో, వెతికి వెతికి ఆ రోజే మా మేనేజరు గేటు మూయించాడు.

ట్యాబులు సరిచేసి వెనక్కి వచ్చేసరికి అద్దాల గది తలుపు తెరిచి ఉంది. లోపల దివాకర్ సార్. ఫోన్ చెవికి పెట్టుకుని, "ఐతాంది సార్, ఐతాంది, ఇప్పుడే ఐతది," అంటున్నాడు. ఇంకో చేతి వేలు మిషన్ పవర్ బటన్ మీద ఉంది. మిషన్ ముందున్న దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఏసీ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఏం చేసిన్రు సార్!" అని అరిచాను. అరిచాననే చెప్పాలి, మెల్లగా అడిగానని చెబితే ఎవరూ నమ్మరు.

"ఆగిపోయిందే అది. ఎంతసేపున్నా అదే లైన్ మీదున్నది. పెద్దసారు ఫోన్ మీద ఫోన్ చేస్తుండు. నా ఫోన్ గిట్లనే ఆగిపోతే ఆఫ్ జేసి ఆన్ జేస్త, మంచిగైతది."

"అది ఆగలేదు సార్! పని చేస్తున్నది! అదే లైన్ మీద ఉన్నదంటె ఆ పని పెద్దదని! ఎవ్వలను పోనియ్యొద్దని మీకే చెప్పి పోయిన కదా!"

"గిప్పుడు ఏమైంది? మల్ల ఆన్ జెయ్."

ఏమైందో చెబుతాను. ఇలాంటి మిషన్‌ను నిద్రపుచ్చితే ఏమీ కాదు. గొంతు పట్టుకుని ఆపితే మాత్రం, లేచేటప్పుడు అది ఎవరి మాటా వినదు. ఏది పోయింది, ఏది ఉంది, ఏది సగంలో ఆగింది అని తన ఇల్లంతా మూలమూలా వెతుక్కుంటుంది. అలా వెతకడమే దాని మంచితనం, లేకపోతే తూకాలన్నీ తారుమారవుతాయి. కానీ ఆ వెతుకులాట అయ్యేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలి. తొందర పెట్టడానికి ఏ బటనూ ఉండదు. మధ్యాహ్నానికి అయిపోయే పని అన్నాల వేళ దాటినా అవలేదు.

ఉక్కపోత పెరిగింది. నేను మిషన్ ముందు కూర్చుని ఉండగా, కిటికీలోంచి పడమటి దిక్కున మబ్బు కనిపించింది. యాసంగి కోతల్లో ఆ మబ్బును చూసి భయపడనివాడు మా జిల్లాలో ఉండడు. పరుగెత్తి దివాకర్ సార్ దగ్గరికి పోయాను.

"సార్, వాన వస్తాంది. గేటు తెరువుండ్రి. షెడ్డు ఖాళీగ ఉన్నది, అందరు పడ్తరు. టోకెన్లు తర్వాత ఇచ్చుకుందాం."

"టోకెన్ లేకుంట లోపటికి ఎట్ల రానిస్తరు? రేపు ఆడిటోల్లు అడిగితే నువ్వు చెప్తవా జవాబు?"

"నేనే చెప్త సార్! నా పేరు చెప్పుండ్రి!"

"అంత మబ్బు కూడ లేదు. గాలికి కొట్టుకపోతది. అయినా దశమి నాడు ఏం గాదు."

ఛీ! ఆ మాట విన్నాక ఆ గదిలో నిలబడబుద్ధి కాలేదు. వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి గేటు తెరవమన్నాను. "సారు చెప్పకుంట తెరిస్తె నా కొలువు పోతది మేడం," అన్నాడు. తెరవడానికి నేనే గొలుసు పట్టుకుని లాగాను. తాళం ఉంది. తాళంచెవి దివాకర్ సార్ టేబుల్ సొరుగులో ఉంది. మళ్లీ అటు తిరిగేలోపే గాలి లేచింది.

మట్టి కళ్లలో పడుతుంటే రైతులు పట్టాల అంచులు పట్టుకుని డబ్బాల మీద పడుకున్నారు. ఉరుముతో పాటే వాన దిగింది, ఒక్కసారిగా బిందెలతో కుమ్మరించినట్టు. గేటు ఊచల అవతల ఎల్లేశం, గుర్వమ్మ కనిపిస్తూనే ఉన్నారు. పట్టా ఒక మూల తాడు తెగి, గాలికి పైకి లేచి, రోడ్డు అవతల తుమ్మ చెట్టుకు చిక్కుకుని చిరిగింది. ఎల్లేశం దాని వెంట పరుగెత్తాడు. గుర్వమ్మ కొంగు విప్పి వడ్ల మీద పరిచి, దాని మీద తాను అడ్డంగా పడుకుంది. ఎంత అడ్డం పడుకుంటే మాత్రం ఒక మనిషి ఒళ్లు ట్రాక్టరు డబ్బాకు సరిపోతుందా? ఇవతల, ఇరవై అడుగుల దూరంలో, మా షెడ్డు కింద నేల పొడిగా, ఖాళీగా ఉంది. కోపంతో ఏడుపొచ్చింది.

వాన ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది. ఆ తర్వాతే మిషన్ లేచింది. ఏదీ పోలేదు, ఒక్క తూకం తేడా లేదు. సగంలో ఆగిన పనిని మళ్లీ మొదటి నుంచి వేసి, సవరణలు పూర్తి చేసి, పద్ధతిగా దింపి, పద్ధతిగా లేపాను. కొత్త సర్వరు నిలబడింది. గేటు దగ్గర స్వరూప పేరు కొట్టగానే, చేయి తీసేలోపే టోకెన్ వచ్చింది. "అబ్బ, ఎంత జల్ది వస్తున్నయ్ మేడం!" అని ఫోన్‌లో అరిచింది. వేరే రోజైతే ఆ మాటకు మిఠాయి పంచేదాన్ని.

ఎల్లేశం ట్రాక్టరు కాంటా మీదికి వచ్చినప్పుడు నేను కాంటా గదిలోనే ఉన్నాను. దివాకర్ సార్ కూడా ఉన్నాడు, ఓనరుకు "ఐపోయింది సార్, సక్సెస్," అని చెప్పి హుషారుగా ఉన్నాడు. కాంటా కుర్రాడు డబ్బాలోకి బోలు గొట్టం గుచ్చి వడ్లు తీసి తేమ మిషన్‌లో పోశాడు. ఆ అంకె నేరుగా మా కంప్యూటర్లోకి వచ్చింది. తెర మీద ఎర్ర గీత పడింది. తేమ ఎక్కువ, తీసుకోవడం కుదరదు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చేయలేదు. చేయాల్సింది చేయాల్సినట్టే చేసింది. తాను ఎక్కుతున్నంతసేపూ బయట నిలబడి తడిసిన వడ్లను, ఎక్కాక తడి వడ్లని చెప్పింది. దాన్ని ఎక్కించింది నేను.

"కంప్యూటర్ ఒప్పుకుంటలేదు పెద్దమనిషీ," అన్నాడు దివాకర్ సార్ కిటికీలోంచి. "తేమ మస్తుగున్నది. నేనేం చెయ్యాలె? ఆరవోసుకొని మల్ల తీస్కరాపో."

గుర్వమ్మ తడి కొంగు పిండుకుంటూ ముందుకు వచ్చింది. "యాడ ఆరవోయాలె సారూ? తిరుమలగిరి దాక తడివి మోస్కపోతే ఈ ఉక్కకు మొలకలొస్తయ్. పొద్దటి సంది మీ గేటు కాడనే గదా ఉన్నం."

"పోనియ్యే," అన్నాడు ఎల్లేశం భార్యతో. "మంచి రోజని ఎల్లినం. మన రాతల లేదు. ఎవల్ని ఏమంటం?"

ఆ మాట దగ్గర నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దివాకర్ సార్ మీద కంటే ఎల్లేశం మీదే ఎక్కువ కోపం వచ్చిందంటే నమ్మండి. ఆ ఎర్ర గీత ఉన్న మానిటరును రెండు చేతులతో ఎత్తి, వైర్లు సాగేదాకా లాగి, కిటికీ చట్రం మీద బయటికి తిప్పి పెట్టాను.

"రాత కాదు కాకా! ఇగో సూడుండ్రి. అందరు సూడుండ్రి. గీ ఎర్ర గీత కింద ఖాళీ గడి ఉన్నది సూడు, అది మేనేజర్ అనుమతి అడుగుతాంది. తేమ ఎక్కువున్నా తీసుకోవచ్చు, మా డ్రయ్యర్‌ల ఆరవెట్టుకోవచ్చు. సారు తన పాస్‌వర్డ్ కొడితె అయిపోతది. ఒప్పుకోనిది కంప్యూటర్ కాదు. ఈ సారు!"

"రమా, లోపటికి పో. నీ పని ఐపోయింది," అన్నాడు దివాకర్ సార్.

"ఐపోలే సార్. పొద్దున గీ వడ్లు నేను కొరికి సూసిన. రాయిలెక్క ఎండి ఉన్నయ్. మీరు నడుమల బటన్ ఒత్తకపోతె, వానకు ముందే ఇవి గోదాంల ఉండేటియి. గేటు తెరిచినా షెడ్డు కింద ఉండేటియి. మీరు తడిపిన్రు. మీరే తీస్కోవాలె."

వెనక ట్రాక్టర్ల మీది రైతులు ఒక్కొక్కరే దిగి కిటికీ దగ్గరికి చేరారు. అందరూ తడిసి ఉన్నారు, అందరి డబ్బాలూ తడిసే ఉన్నాయి. ఆ ఎర్ర గీతను, దాని కింది ఖాళీ గడిని, దివాకర్ సార్ ముఖాన్ని మార్చి మార్చి చూశారు.

"నీ నౌకరి సంగతి సూసుకో," అన్నాడు దివాకర్ సార్ నా చెవి దగ్గర, పళ్లు బిగించి.

"సూసుకున్న సార్," అన్నాను, అందరికీ వినబడేలా.

వెనక నుంచి ఎవరో పెద్దాయన అన్నాడు. "ఒత్తు సారూ. పొద్దుగాల ఒత్తినవట గదా, గిప్పుడు గూడ ఒత్తు."

నవ్వు ఒకటి లేచింది, అంత బాధలోనూ. దివాకర్ సార్ ముఖం ఎర్రబడింది. కుర్చీ లాక్కుని కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. మొదటిసారి తప్పు కొట్టాడు, రెండోసారి సరిగ్గా కొట్టాడు. ఎర్ర గీత పచ్చగా మారింది. కాంటా దిగి డ్రయ్యర్ వైపు వెళ్లమని ఎల్లేశం ట్రాక్టరుకు కుర్రాడు చేయి ఊపాడు.

అప్పుడు మా మేనేజరు లేచి, కిటికీలోంచి తల బయట పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "సరె, సరె. రైతుల కష్టం మాకు తెల్వదా? కంప్యూటర్ వద్దన్నది. అయినా దయదల్చి తీస్కుంటున్నం. తడిసినోల్లందరియి తీస్కుంటం."

దయట! గేటు మూసినవాడు, బటన్ నొక్కినవాడు, తాళంచెవి సొరుగులో పెట్టుకుని కూర్చున్నవాడు దయ చూపిస్తున్నాడట!

ఎల్లేశం ట్రాక్టరు ముందుకు పోనిచ్చి, దిగి వెనక్కి వచ్చాడు. నేను నా దగ్గరికి వస్తున్నాడనుకున్నాను. నన్ను దాటి కిటికీ ముందు నిలబడ్డాడు. తల మీంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. భుజం మీది గొంగడి తీసి చంకలో పెట్టుకుని, నడుము వంచి రెండు చేతులూ జోడించాడు.

"సల్లగుండు సారూ. మీ మేలు మర్వం."

దివాకర్ సార్ తల పంకించి, ఆ దండం అందుకున్నాడు. నిజంగానే అందుకున్నాడు, తనకు రావాల్సిందే అన్నట్టు.

నేను కాంటా గదిలోంచి బయటికి వచ్చి ఎల్లేశం ముందు నిలబడ్డాను. "చేతులు దించు కాకా," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేనేదో తప్పుబడుతున్నాననుకుని నా వైపు తిరిగి నాకూ దండం పెట్టబోయాడు. "దించు," అని ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి లాగాను. చల్లగా ఉన్నాయి, వేళ్ల సందుల్లో తడి వడ్లు అంటుకుని ఉన్నాయి. ఆయన మళ్లీ పైకి లేపబోయాడు. నేను వదల్లేదు.